రంగు నీటికి రొయ్య పెంకు

లీటరు నీటిలో ఒక్క మిల్లీగ్రాము రంగు కలిసినా కంటికి తెలిసిపోతుంది. ఉప్పు అలా కనిపించదు, సీసం కనిపించదు, పురుగుమందు అసలే కనిపించదు. బట్టల పరిశ్రమ పక్కన పారే వాగు గురించి ఊరి జనం ముందుగా ఫిర్యాదు చేసేది రంగు గురించే కావడానికి కారణం ఇదే. ఆ రంగును నీటిలోంచి లాగేయడానికి రొయ్య పెంకు, సముద్రపు నాచు, చెట్ల జిగురు, ఊక బూడిద లాంటివాటితో శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా కొత్త పదార్థాలు తయారుచేస్తున్నారు. సహజ జీవపాలిమర్ మిశ్రమాలని వీటికి పేరు. ప్రపంచమంతటా వీటి మీద వేల పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. ప్రయోగశాలల్లో వచ్చిన ఫలితాలు నిజంగానే గొప్పవి. అయినా అద్దకం షెడ్డులో అడుగుపెడితే వీటి జాడ కానరావడం అరుదు.

ఈ ఎడం ఎందుకు వచ్చింది, దాన్ని ఎక్కడ పూడ్చవచ్చు అన్నది తెలుగు రాష్ట్రాలు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. ముడిసరుకు భీమవరం, నెల్లూరు, కాకినాడ ప్రాంతాల్లో కుప్పలుగా దొరుకుతుంది. రంగు నీటి బెడద పోచంపల్లి, ధర్మవరం, సిరిసిల్ల లాంటి నేత కేంద్రాలది. ఈ రెంటినీ కలిపే ఆలోచన మాత్రం ఇంకా కాగితం దాటలేదు.

1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు లండన్‌లో మలేరియా మందు కోసం ప్రయత్నిస్తుంటే ఊదారంగు చేతికొచ్చింది. అప్పటి నుంచి బట్టల రంగు పొలాన్నీ అడవినీ వదిలి ఫ్యాక్టరీకి చేరింది. సరిగ్గా వందేళ్లకు, 1956లో, బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ రియాక్టివ్ రంగులను మార్కెట్లోకి తెచ్చింది. నూలు పోగుతో రసాయన బంధం కట్టే రంగులివి; ఎన్ని ఉతుకులైనా తొందరగా వెలవవు. నూలు బట్టల అద్దకంలో ఇవాళ వీటిదే పెద్దపీట. అయితే తొట్టిలో వేసిన రంగంతా పోగును పట్టుకోదు. కొంత భాగం నీటితోనే చర్య జరిపి చచ్చుబడిపోతుంది. అలా చచ్చుబడినది పోగుకు అంటదు, మళ్లీ వాడటానికీ పనికిరాదు. రంగు రకాన్నిబట్టి, అద్దకం తీరునుబట్టి పదో వంతు నుంచి దాదాపు సగం దాకా ఇలా నీటిపాలవుతుంది. అది బాగా కరిగే పదార్థం కనుక పటిక వేసినా సరిగా అడుక్కి దిగదు. బ్యాక్టీరియాతో నడిచే మామూలు శుద్ధి తొట్లలోనూ అంత తేలిగ్గా విరగదు. ఎండకు, సబ్బుకు, చెమటకు తట్టుకునేలా తయారుచేసిన రంగు వాగులోనూ అంతే మొండిగా నిలుస్తుంది.

చూపుకు అసహ్యంగా ఉండటంతో దీని చెడు ఆగదు. వెలుతురు లోపలికి దిగక నీటి అడుగున మొక్కలు ఆహారం తయారుచేసుకోలేవు. కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. కృత్రిమ రంగుల్లో సగానికి పైగా ఉన్న అజో జాతి రంగులతో ఇంకో ప్రమాదం ఉంది. ఆక్సిజన్ అందని బురదలో బ్యాక్టీరియా వీటిని విరిచినప్పుడు రంగు మాయమవుతుంది కానీ ఆరోమాటిక్ ఎమీన్లు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. బెంజిడీన్ వాటిలో పేరుమోసింది. అందుకే కేంద్ర ప్రభుత్వం 1990ల్లోనే బెంజిడీన్ ఆధారిత రంగులనూ, మరికొన్ని అజో రంగులనూ నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2002లో ఇలాంటి ఎమీన్లను వదిలే రంగులతో అద్దిన వస్త్రాలకు తలుపులు మూసింది. నీరు తెల్లబడితే విషం పోయినట్టేనని అనుకోవడానికి లేదు.

అధిశోషణం మీద శాస్త్రవేత్తలకు మక్కువ ఇందుకే. రంగు అణువును విరవకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టుగా నీటిలోంచి తీసి ఒక ఘనపదార్థానికి అంటించే పద్ధతి ఇది. యాక్టివేటెడ్ కార్బన్ ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది. మంచి రకం కార్బన్ ఒక్క గ్రాములోని సూక్ష్మ రంధ్రాల లోపలి వైశాల్యం 1,000 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. చిక్కల్లా ఖర్చుతోనే. నిండిపోయిన కార్బన్‌ను మళ్లీ పనికి తేవాలంటే సుమారు 800 డిగ్రీల వేడి కావాలి. ప్రతిసారీ కొంత సరుకు కాలిపోతుంది. ఇంటి వెనుక షెడ్డులో నూలు చిలపలు అద్దుకునే మనిషికి అది అందే మాట కాదు.

రొయ్య పెంకు సంగతి వేరు. 2023-24లో దేశం నుంచి 7.16 లక్షల టన్నుల శీతలీకరించిన రొయ్యలు ఎగుమతయ్యాయి. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం. ప్రాసెసింగ్ ప్లాంటులో తల తీసి పెంకు ఒలిచేసరికి రొయ్య బరువులో 40 నుంచి 50 శాతం పక్కకు పడుతుంది. ఎండిన పెంకులో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా కైటిన్ ఉంటుంది. మిగతాది చాలామటుకు కాల్షియం కార్బొనేట్, మాంసకృత్తులు. పెంకును పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నపు భాగం కరిగిపోతుంది. కాస్టిక్ సోడాలో ఉడికిస్తే మాంసకృత్తులు వదులుతాయి. మిగిలిన కైటిన్‌ను 40, 50 శాతం గాఢత గల కాస్టిక్ సోడాలో మళ్లీ వేడిచేస్తే కైటోసాన్ వస్తుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ విధానాన్ని దేశీయ పరిశ్రమకు ఏనాడో అందించింది. దాని పరిశోధన కేంద్రం విశాఖపట్నంలోనూ ఉంది.

కైటోసాన్ బలమంతా దానిలోని అమైనో సమూహాల్లో ఉంది. నీరు కాస్త ఆమ్లంగా ఉంటే అవి ధనావేశం పుంజుకుంటాయి. రియాక్టివ్, యాసిడ్, డైరెక్ట్ రంగుల అణువుల్లో ఉండే సల్ఫోనేట్ సమూహాలది రుణావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అనువైన పరిస్థితుల్లో గ్రాము కైటోసాన్ పూసలు గ్రాముకు మించిన రంగును పట్టుకున్నట్టు శాస్త్ర పత్రికల్లో ఫలితాలున్నాయి. మేలురకం కార్బన్‌కు కూడా మామూలుగా అందని అంకె ఇది.

మరి కైటోసాన్‌నే నేరుగా వాడకుండా మిశ్రమం దేనికంటే, ఏ ఆమ్లత్వంలో అది రంగును బాగా పట్టుకుంటుందో ఆ ఆమ్లత్వంలోనే అది మెత్తబడి కరిగిపోతుంది కనుక. పొడిగా వేస్తే వడపోతను మూసేస్తుంది, రేకులుగా వేస్తే లోపలి భాగం పని చేయదు. కాబట్టి దాని గొలుసులను ఒకదానికొకటి ముడివేయాలి, గట్టి తోడునివ్వాలి. ముడివేయడానికి ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేవి గ్లూటరాల్డిహైడ్, ఎపిక్లోరోహైడ్రిన్. మొదటిది ఊపిరితిత్తులకు మంట పుట్టిస్తుంది. రెండోది క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. నీటిని శుభ్రం చేసే పూసను ఇలాంటి రసాయనంతో తయారుచేయడం సరైన దారి కాదు. సిట్రిక్ ఆమ్లంతో ముడివేసే పద్ధతులు ఉన్నాయి. బలం కొంచెం తగ్గినా ఊళ్లలో వాడే సరుకుకు అవే తగినవి.

పూసల తయారీ చూడముచ్చటైన పని. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన సోడియం ఆల్జినేట్‌ను నీటిలో కరిగిస్తే చిక్కని ద్రావణం వస్తుంది. దాన్ని సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీటిలోకి చుక్క చుక్కగా వదలాలి. నీటిని తాకిన క్షణంలోనే ప్రతి చుక్కకూ పైపొర గట్టిపడి సగ్గుబియ్యం గింజలా గుండ్రని పూస అవుతుంది. ద్రావణంలో ముందే కైటోసాన్ పొడి, బెంటొనైట్ మట్టి, రైసు మిల్లు ఊక బూడిదలోని సిలికా కలిపి ఉంటే అవన్నీ పూసలో చిక్కుకుంటాయి. అలా చేసిన పూసను రంగు నీటిలో వేసి, కాసేపయ్యాక తీసి కోసి చూస్తే అంచు చుట్టూ రంగు వలయం, మధ్యలో తెల్లటి గుండె కనబడతాయి. రంగు అణువు పెద్దది, లోపలికి దారి ఇరుకు. వలయం మధ్య దాకా పాకడానికి గంటలు పడుతుంది. పూసను చిన్నది చేస్తే త్వరగా నిండుతుంది కానీ గొట్టంలో పోసినప్పుడు నీటికి అడ్డం పడుతుంది. పెద్దది చేస్తే నీరు ధారాళంగా పోతుంది కానీ లోపలి సరుకు సగం వృథా. పరిశోధకుల తర్జనభర్జనలో పెద్ద భాగం ఈ కొలత గురించే. ఇనుప ఆక్సైడ్ కలిపి అయస్కాంతంతో పూసలను లాగేసే రకాలూ వచ్చాయి. చిన్న షెడ్డుకు వాటితో పనిలేదు. గొట్టంలో పోసి మూత బిగిస్తే కదలకుండా ఉండే పూస చాలు.

అన్ని రంగులదీ ఒకే స్వభావం కాదు. ఎక్రిలిక్ నూలుకు, జనపనారకు, కాగితానికి వాడే బేసిక్ రంగులది ధనావేశం; కైటోసాన్ వాటిని దగ్గరికి రానివ్వదు. వాటికి ఆల్జినేట్, పెక్టిన్, తపసి జిగురు లాంటివి కావాలి. గిరిజన సహకార సంస్థ మన్యంలో కొనే అటవీ ఉత్పత్తుల్లో తపసి జిగురు ఒకటి. దాన్ని రంగులు పట్టే జెల్‌గా మార్చిన ప్రయోగాలు ఇప్పటికే జరిగాయి. మొక్కల సరుకుతో నీటిని శుభ్రం చేయడం తెలుగు పల్లెలకు తెలిసిన విద్యే. వానాకాలపు ఎర్రనీటిలో చిల్లగింజను అరగదీసి కలిపి తేర్చుకునేవారు. ఆ గింజలోని పాలీశాకరైడ్లు, మాంసకృత్తులు మట్టి రేణువులను ఒకచోటికి చేర్చి అడుక్కి దింపుతాయి. కానీ తేలే మట్టి వేరు, కరిగిన రంగు వేరు. దీనికి కొత్త పదార్థమే కావాలి.

ఇక అసలు ఇబ్బంది. పత్రాల్లోని ప్రయోగాల్లో చాలాభాగం స్వేదన జలంలో ఒక్క రంగును, తరచుగా మిథిలిన్ బ్లూనో కాంగో రెడ్‌నో, కలిపి చేసినవే. ఆమ్లత్వాన్ని పదార్థానికి నచ్చినట్టు సరిచేసి, పూస పూర్తిగా నిండేదాకా ఆగి, లాంగ్‌మ్యూర్ సమీకరణంలో పెట్టి గరిష్ఠ సామర్థ్యం తేలుస్తారు. షెడ్డు నుంచి వచ్చే నీటిలో నాలుగైదు రంగులు, సబ్బు, గంజి, సోడా, ఉప్పు కలిసి ఉంటాయి. ఉప్పులోని క్లోరైడ్, సల్ఫేట్ అయాన్లదీ రుణావేశమే. రంగు కూర్చోవాల్సిన చోట అవి కూర్చుంటాయి. నూలుకు రియాక్టివ్ రంగు అద్దిన నీరు క్షారంగా, పీహెచ్ 10, 11 దగ్గర ఉంటుంది. ఆ నీటిలో కైటోసాన్‌కు ధనావేశమే ఉండదు. ఆమ్లం పోసి దించవచ్చు, కానీ దానికి డబ్బు కావాలి, పైగా నీటిలో ఉప్పు ఇంకా పెరుగుతుంది.

ఉప్పు సంగతి ఎంత పెద్దదో తెలియాలంటే తమిళనాడులోని తిరుప్పూర్ వైపు చూడాలి. ముదురు రంగు అద్దాలంటే తొట్టిలో లీటరుకు 50 నుంచి 80 గ్రాముల ఉప్పు వేయాలి. అద్దకం కేంద్రాల నీరు నొయ్యల్ నదిలోకి, దాని మీద సాగు కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయంలోకి చేరింది. రైతుల పొలాలకు నీరివ్వాల్సిన జలాశయం వ్యర్థ జలాల మడుగుగా మారింది. ఆయకట్టు రైతులు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు 700కు పైగా అద్దకం, బ్లీచింగ్ యూనిట్లను మూసేయించింది. ఆ తర్వాత తెరుచుకున్నవి చుక్క నీరూ బయటికి వదలని పద్ధతికి మారాయి: రివర్స్ ఆస్మాసిస్, ఆవిరి యంత్రాలు, ఉప్పును మళ్లీ వాడుకునే ఏర్పాట్లు. నొయ్యల్‌లోకి చేరిన నీటిలోంచి కైటోసాన్ పూసలు రంగును తీసివేసినా ఉప్పు ఉప్పులాగే ఉండేది, పొలాలు పాడయ్యేవే. జీవపాలిమర్లు తిరుప్పూర్ సమస్యకు జవాబని చెప్పడం ఆ రైతుల అనుభవాన్ని విస్మరించడమే. కేంద్రం 2016లో సవరించిన వస్త్ర పరిశ్రమ ప్రమాణాలు కూడా రంగును ఒక్కదాన్నే అడగవు. ప్లాటినం-కోబాల్ట్ కొలమానంలో రంగు 150 యూనిట్లు దాటకూడదన్న నిబంధన పక్కనే లీటరులో కరిగిన ఘనపదార్థాలు 2,100 మిల్లీగ్రాములు మించకూడదనీ ఉంది.

అలాగని ఈ మిశ్రమాలను పక్కన పెట్టాల్సిన పని లేదు. తగిన నీటిని వెతకాలి. ఆ నీరు పట్టు అద్దకంలో ఉంది.

పోచంపల్లిలో, ధర్మవరంలో పట్టుకు వాడేవి ఎక్కువగా యాసిడ్ రంగులు. మరిగే దశకు దగ్గరగా ఉన్న నీటిలో రంగు కలిపి, ఎసిటిక్ యాసిడ్ పోసి, పట్టు చిలపలను కర్రలకు వేలాడదీసి తిప్పుతారు. రంగు చాలావరకు పోగుకు ఎక్కాక మిగిలిన నీరు ఆమ్లంగా ఉంటుంది. నూలు అద్దకంలో వేసేటంత ఉప్పు ఇందులో ఉండదు. రంగు అణువుల మీద సల్ఫోనేట్ సమూహాలు సిద్ధంగా ఉంటాయి. కైటోసాన్‌కు కావాల్సిన మూడూ ఒక్కచోట దొరికాయి. అయితే కైటోసాన్‌ను కరిగించడానికి ప్రయోగశాలలో వాడేది కూడా ఎసిటిక్ యాసిడే. కాబట్టి ఉత్త కైటోసాన్ ఇక్కడ నిలవదు, ముడివేసిన మిశ్రమమే కావాలి.

ఒక లెక్క వేసి చూడవచ్చు. కిలో పట్టుకు 3 శాతం షేడ్ అంటే 30 గ్రాముల రంగు. పదో వంతు నీటిలో మిగిలిందనుకుంటే 3 గ్రాములు. ముప్పై లీటర్ల తొట్టి అయితే లీటరుకు 100 మిల్లీగ్రాములు. పత్రాల్లోని భారీ అంకెలను పక్కనబెట్టి, పూసలు గ్రాముకు 100 మిల్లీగ్రాములే పట్టుకుంటాయని తక్కువ అంచనా వేసుకున్నా, కిలో పట్టుకు 30 గ్రాముల పొడి మిశ్రమం సరిపోతుంది. రోజుకు పది కిలోలు అద్దే షెడ్డుకు 300 గ్రాములు. పట్టు నూలు కిలో వేల రూపాయలు పలికే చోట ఈ ఖర్చు మోయలేనిది కాదు. నీరు చల్లారాక పూసల గొట్టం గుండా నెమ్మదిగా దింపాలి. పట్టు జిగురు వదిలించడానికి సబ్బు, సోడాలతో ఉడికించిన నీటిని మాత్రం ఇందులో కలపకూడదు. అది క్షారం, పట్టు బరువులో 20 నుంచి 25 శాతం ఉండే సెరిసిన్ అనే మాంసకృత్తు అందులోకి దిగి ఉంటుంది. రెండు నీళ్లూ ఒకే కాలువలో కలిస్తే పూసల పని పాడవుతుంది. పెట్టుబడి కన్నా ముందు కావాల్సింది ఈ వేర్పాటు. ఒక గచ్చు గట్టు, రెండు గొట్టాలు ఉంటే అది అవుతుంది.

మిగతా చోట్ల వేరే దారులే మేలు. నూలు ఇక్కత్‌కు వాడే వ్యాట్ రంగులు గాలి తగలగానే కరగని రూపానికి మారతాయి. వాటిని తేర్చి వడకట్టడమే చవక. పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగులకు ఆవేశం లేదు, వాటికి పటిక లాంటివి చాలు.

రంగును పట్టుకున్న పూసలను ఏం చేయాలన్నది పరిశోధన పత్రాలు ఎక్కువగా దాటవేసే ప్రశ్న. క్షారంతో కడిగి నాలుగైదు సార్లు మళ్లీ వాడవచ్చని అవి చూపిస్తాయి. కడిగిన ఆ చిక్కటి రంగు నీరు ఎక్కడికి పోవాలి? చిన్న షెడ్డు దాన్ని మళ్లీ మురుగు కాలువలోనే పోస్తుంది. అంతకన్నా పూసలను ఒకసారి వాడి, ఎండబెట్టి, సంచుల్లో కట్టి ఒకచోటికి చేర్చడమే నయం. పట్టుకు వాడే మెటల్ కాంప్లెక్స్ రంగుల్లో క్రోమియం, కోబాల్ట్ ఉంటాయి కనుక ఆ పూసలను పెరట్లో తగలబెట్టడం కుదరదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు సిమెంటు బట్టీల్లో ఇలాంటి సరుకును ఇంధనంతోపాటు కాల్చడానికి వీలు కల్పించాయి. పోచంపల్లికి సూర్యాపేట, పల్నాడు సిమెంటు బట్టీలు మరీ దూరం కాదు. అది కుదరని చోట దుండిగల్, పరవాడల్లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఉన్నాయి.

కైటోసాన్ తయారీ మీద కూడా కన్నేసి ఉంచాలి. ఆమ్లం, కాస్టిక్ సోడా, కడగడానికి ఎంతో నీరు వాడే పరిశ్రమ అది. పోచంపల్లి వాగును బాగు చేయబోయి గోదావరి జిల్లాల కాలువలో కాస్టిక్ నీరు వదిలితే జరిగిన మేలు లేదు. మేలురకం కైటోసాన్ మందులకు, సౌందర్య సాధనాలకు మంచి ధరకు పోతుంది. రంగు నీటికి అంత శుద్ధమైన సరుకు అక్కర్లేదు. తక్కువ రసాయనాలతో చేసిన ముతక రకం చాలు. ఆ రకాన్ని చవగ్గా, కాలుష్యం లేకుండా తయారుచేయడం మీద ఇప్పుడు దృష్టి పెట్టాలి. గ్రాముకు మరో వంద మిల్లీగ్రాములు ఎక్కువ పట్టే కొత్త మిశ్రమం కన్నా ఇది అవసరమైన పని.

దీనికి కావాల్సిన సంస్థలన్నీ ఇక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, విశాఖలో మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రం, వెంకటగిరిలో ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థ, హైదరాబాద్, విజయవాడల్లో వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి. రెండు రాష్ట్రాల చేనేత శాఖలు, కాలుష్య నియంత్రణ మండళ్లు వీటిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. పోచంపల్లిలో కొన్ని, ధర్మవరంలో కొన్ని పట్టు అద్దకం షెడ్లను ఎంచుకుని ఏడాదిపాటు అన్ని రుతువుల్లో, అసలైన అద్దకం నీటితో ఈ పూసలను పరీక్షించాలి. ఖర్చు అద్దకందారు నెత్తిన వేయకూడదు. రంగుతోపాటు కరిగిన ఘనపదార్థాలనూ, ఆక్సిజన్ అవసరాన్నీ, లోహాలనూ కొలవాలి. వాడేసిన పూసలు సిమెంటు బట్టీకి చేరేదాకా లెక్క ఉండాలి. ఫలితాలు బాగున్నా బాగోకపోయినా తెలుగులో రాసి అద్దకం పనివారి చేతికి ఇవ్వాలి.